బిడ్డ ఆలస్యముగా చెప్పిన మాట

పాఠశాల వార్షిక సంచికలో ఇట్టి ప్రసంగ మేలయని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకొనవచ్చును. పిల్లలపై జరుగు లైంగిక అత్యాచారములను గూర్చి మనము నోరు మెదపకుండుటచేతనే పెక్కు అపోహలు మన యిండ్లలో పాతుకొనిపోయినవని మా తలంపు.

దుర్మార్గు డనగా ముక్కు మొగము తెలియని కొత్తవాడనియే మనము పిల్లలకు నేర్పుచుందుము. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ వెలువరించిన పరిశీలనలో, 13 రాష్ట్రములందు 12,447 మంది పిల్లలను విచారింపగా, సగమునకు మించి ఏదో యొక విధమైన లైంగిక పీడనకు లోనైనట్లు చెప్పిరి. పీడించినవారిలో సగముమంది పిల్లలెరిగినవారు, నమ్మకముంచినవారు. బాధితులలో బాలురు బాలికలకంటె తక్కువ లేరు. అయినను “మగపిల్లవానికేమి భయము?” అను మాట ఇంకను వినుచునే యున్నాము.

అన్నిటికంటె హానికరమైనది మరియొకటి గలదు: నిజమే యైనచో ఆనాడే చెప్పియుండును గదా యనుట. బిడ్డ ఎట్లు చెప్పును? మామయ్యయనియో మాస్టారనియో పిలిచి నమస్కరింపుమని మనమే నేర్పినవానిపై చెప్పవలెను. జరిగినదానికి పేరు తెలియదు. తప్పు తనదేమో యను భయము, అమ్మ ఏడ్చునేమో యను దిగులు. ఇట్లు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచును. ఈలోగా ఒకరు ఆ యింటికి పోనని మొరాయింతురు, మరొకరు పక్క తడుపుదురు, చదువున వెనుకబడుదురు. మనము దానిని పెంకితన మందుము. తుదకు తెగించి నోరు విప్పిననాడు “ఇన్నాళ్లేమి చేసితివి?” అని గద్దించినచో ఆ నోరు మరల తెరుచుకొనుట అరుదు. నమ్మియు “ఎవరితోను అనకుము, పరువు పోవును” అనువారును గలరు. పోవలసిన పరువు ఎవరిదో మాకు బోధపడదు.

దుస్తులపైనుండి తాకుట ఈ నేరము కాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి తీర్పు చెప్పగా, ఆ యేడు నవంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, దురుద్దేశమే ప్రధానమని నిర్ణయించెను. అపోహ చదువులేనివారికే యుండుననుకొనరాదు.

2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము నెరిగియు తెలుపకుండుట శిక్షార్హము. బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దగాని బిడ్డ కోరిన చోటగాని, సాధ్యమైనంతవరకు మహిళా సబిన్‌స్పెక్టరు, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. పేరు పత్రికల కెక్కరాదు. తమిళనాట తెలుగున తప్ప మనసు విప్పలేని మన పిల్లలకు ఇంకొక నియమము ముఖ్యము: వ్రాయుచున్న భాష బిడ్డకు తెలియనిచో దుబాసీని ఏర్పాటు చేయవలెను. 1098కి టెలిఫోను చేసి సహాయము కోరవచ్చును.