బస్తాలు తూచారు, మాటలు తూచలేదు

గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అన్న చర్చలో అధికారి చెప్పిందే సాక్ష్యంగా చెల్లుబాటవుతోంది. ఆ సాక్ష్యం ఎంత బలహీనమో బెంగాల్ పేరుతో మొదలైన ఒక విచారణ 130 ఏళ్ల కిందటే తేల్చింది.

విశాఖ వైపు నుంచి హౌరాకు వెళ్లే రైలు మార్గం ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది సొంతూరి దారి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయికి కూడా అదొక రవాణా దారి. అందుకే గంజాయి వార్త ఈ ఊరివాళ్లకు ఎక్కడిదో దూరపు వార్త కాదు. సరుకు పట్టుబడిన చోటల్లా తంతు ఒకటే: బస్తాలు వరసగా పేర్చి, బరువు చెప్పి, విలువ ఇన్ని లక్షలని ప్రకటిస్తారు. బరువు కాటా మీద తేలుతుంది, దాన్ని నమ్మొచ్చు. విలువ మాత్రం కొండ మీద రైతు అందుకున్న ధరా, మహానగరంలో పొట్లాలు కట్టి అమ్మితే వచ్చే ధరా అన్నది చెప్పరు. ఆ రెంటికీ ఎంతో తేడా ఉంటుంది. విలువ దగ్గర మొదలైన ఈ అలసత్వం, గంజాయి మనిషిని ఏం చేస్తుందన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇంకా ముదురుతుంది.

1893లో విలియం కెయిన్ అనే సభ్యుడు బెంగాల్ గంజాయి గురించి బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేవనెత్తాడు. దాంతో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడి, దేశమంతటా వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించింది. గంజాయి తాగితే పిచ్చెక్కుతుందన్న నమ్మకానికి అప్పట్లో పెద్ద ఆధారం పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు. 1892లో చేరిన 1,344 మందిలో 222 మందికి కారణం గంజాయి, భంగు, చరస్‌లేనని వాటిలో ఉంది. కమిషన్ ఒక్కో కేసునూ తిరగదోడితే నిలబడినవి 98. వాటిలోనూ మరో కారణమేదీ కలవనివి 61. మిగతావి ఎలా పుట్టాయంటే, రోగిని తెచ్చిన పోలీసు కారణం అనే గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి గంజాయి అని రాశాడు. ఆసుపత్రి గుమస్తా దాన్నే ఎక్కించుకున్నాడు. పైఅధికారి వాటిని కూడి గణాంకం అన్నాడు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ, మితిమీరితే మనసు చెడవచ్చనీ చెప్పిన కమిషన్, పూర్తి నిషేధం కంటే లైసెన్సులూ పన్నులతో అదుపు చేయడమే మేలంది.

ఆ గడి నింపే అలవాటు ఇప్పటికీ పోలేదు. హెరాయిన్‌కు తొలి మెట్టు గంజాయే అంటారు. హెరాయిన్‌కు బానిసైనవాళ్లలో ఎక్కువమంది ముందు గంజాయి తాగినా, గంజాయి తాగినవాళ్లలో ఎందరు హెరాయిన్ దాకా వెళ్లారన్నది వేరే ప్రశ్న. జవాబు కావలసింది దానికి. గంజాయే అటు నెడుతుందనడానికి నిర్ణాయక ఆధారం లేదని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లోనే చెప్పింది. అయినా 2012లో, హెరాయిన్ గంజాయికన్నా హానికరమా అని ప్రతినిధుల సభ కమిటీలో సూటిగా అడిగితే, ఆ దేశ మాదకద్రవ్య నిరోధక సంస్థ అధిపతి మిషెల్ లెన్‌హార్ట్ అవునని అనలేకపోయారు. మన దగ్గర తీరు ఇంకా విడ్డూరం. గంజాయిని హెరాయిన్ సరసన ఉన్న అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేయాలని 2020 డిసెంబరు 2న వియన్నాలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో తీర్మానించినప్పుడు, అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారత్ ఒకటి. వియన్నాలో ఒప్పుకున్న ఆ తేడా ఇక్కడి ప్రెస్ మీట్లలో వినిపించదు. మద్యంతో పోలికా వినిపించదు. కేంద్రం ఎయిమ్స్‌తో చేయించగా 2019లో వెలువడిన సర్వే ప్రకారం గంజాయి, భంగు, చరస్ వాడేవారు 3.1 కోట్లు, మద్యం తాగేవారు 16 కోట్లు. చికిత్స లాంటి సాయం అవసరమైనవారు మొదటి వర్గంలో 72 లక్షలు, రెండో వర్గంలో 5.7 కోట్లు.

పిల్లలను కాపాడటానికి కాస్త భయపెడితే తప్పేంటని కొందరంటారు. నిజమే, చిన్న వయసులో గాఢమైన గంజాయిని రోజూ తాగేవారికి మానసిక రోగ ముప్పు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఒక్క దమ్ముతోనే పిచ్చెక్కుతుందని విన్న కుర్రాడు, పిచ్చెక్కని స్నేహితుణ్ని చూశాక, ఈ నిజమైన హెచ్చరికనూ నమ్మడు. ఆనాటి కమిషన్ పన్ను రాబడి కోసమే అలా తేల్చిందన్నది మరో అభ్యంతరం. సర్కారుకు ఆ రాబడి ఉన్న మాట నిజమే. అయితే ఆ అనుమానం 222లో 98 మాత్రమే ఎందుకు నిలిచాయన్న దానికి జవాబు కాదు. ఇక చట్టబద్ధత కోరేవాళ్లలోనూ గంజాయిని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసేవారున్నారు. వారిదీ అబద్ధమే, కానీ వారి మాటతో ఎవరికీ జైలు పడదు.

అధికారి మాటతో పడుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు, బెయిలు దొరకడమే గగనం. అదే మొక్క ఆకుతో చేసే భంగు ఆ చట్టం కిందికి రాదు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లోనే దొరుకుతుంది. రెండు సూట్‌కేసులతో రైలెక్కిన కూలివాడికి ఇంత కఠిన శిక్ష ఎందుకన్నది ప్రజలు తేల్చుకోవలసిన విషయం. నిషేధం కొనసాగాలని తేలినా తేలవచ్చు. కానీ విలువ ఏ ధరతో కట్టారో, హాని ఏ వయసువారికి ఏ మోతాదులో ఉందో, మద్యంతో పోలిస్తే ఎంతో అధికారులు చెప్పితీరాలి. జీతమిచ్చే ప్రజలకు ఆ లెక్క అడిగే హక్కుంది. లెక్క చూపలేనప్పుడు, నిషేధం వైపు నిలబడినవాళ్లే తమ వాదాన్ని తామే ఓడించుకున్నట్టు.