సార్కోమా: అరుదైన రాచపుండు, పలువురు కూడి చేయవలసిన చికిత్స

పదునైదేండ్ల బాలునికి మోకాటి దాపున ఎముకపై వాపు కనిపించి, రాత్రివేళ నిద్రపట్టనీయని నొప్పి పుట్టినచో, ఇంటి పెద్దలు ఆటలో తగిలిన దెబ్బయనియే తలంతురు. నూనె రాచి మర్దనము చేయింతురు, కట్టు కట్టింతురు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తమిళ, కర్ణాటక దేశములందును అరుదు. కాని విఱిగిన ఎముకను అతికించుట వేఱు, ఎముకలోనుండి పెరుగు కంతి వేఱు. ఆ కంతి సార్కోమా యైనచో మర్దనముతో కాలము వ్యర్థమగును. ఆలోగా వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకవచ్చును.

ఎముక, కండరము, కొవ్వు, మృదులాస్థి, రక్తనాళము మొదలగు ఆధార కణజాలములందు పుట్టు క్యాన్సరును సార్కోమా యందురు. పెద్దలకు వచ్చు క్యాన్సరులలో ఇది నూటికి ఒకటి. పిల్లలలో నూటికి 10 మొదలు 15 వఱకు. ఈ స్వల్పభాగములోనే 70కి పైగా రకములు కలవు. కావున ఒక జిల్లా వైద్యుడు తన వృత్తికాలమంతటను వీనిలో అనేక రకములను ఒక్కమాఱైనను చూడకపోవచ్చును. అది ఆయన లోపము కాదు. ఒంటరిగా నిర్ణయించుటయే లోపము.

ఈ వ్యాధిలో రోగి భవితవ్యము చాలవఱకు మొదటి బయాప్సీతోనే తేలును. సూదియో కత్తియో పోయిన దారి వెంట రోగకణములు చిందవచ్చును గనుక, ఆ దారిని తుది శస్త్రచికిత్సలో కంతితో పాటు తొలగింపవలసియుండును. చేతిమీదనో కాలిమీదనో అడ్డముగా కోసినచో, నిలువుగా పోవలసిన తుదికోతకు అది ఇమడదు. అమెరికాలో హెన్రీ మాన్కిన్ ప్రభృతులు 597 మంది రోగుల చరిత్రలను పరిశీలించి 1996లో ప్రకటించిన ఫలితము భయము గొల్పునది. తుదిచికిత్స జరుగు కేంద్రమున గాక, రోగిని అచటికి పంపిన ఆస్పత్రిలోనే బయాప్సీ చేసినప్పుడు పొరపాట్లును తజ్జన్యమైన కీడును 2 నుండి 12 రెట్లు అధికముగా నుండెను. బయాప్సీ దోషమువలననే 18 మందికి అనవసరముగా అవయవము తొలగింపవలసి వచ్చెను.

అందుచే మొదటి కోతకు ముందే రేడియాలజిస్టు, పాథాలజిస్టు, శస్త్రవైద్యుడు, ఔషధచికిత్సకుడు, కిరణచికిత్సకుడు ఒక్కచోట కూర్చుండి ఆలోచింపవలెను. ఏది ముందు, ఏది వెనుక యనునది రకమును బట్టి మాఱును. ఎవింగ్ సార్కోమా కిరణములకు లొంగును. ఆస్టియోసార్కోమా అంతగా లొంగదు. ఈ రెండవదానికి సామాన్యముగా ముందు మందులు, పిదప శస్త్రము, మరల మందులు. కాలు తీసివేయుట తప్ప వేఱుపాయము లేని రోజులలో అయిదుగురిలో ఒక్కరు మాత్రమే బ్రదికెడివారు. వ్యాధి ఇతరావయవములకు వ్యాపింపకముందే వచ్చినవారిలో నేడు మూడింట రెండువంతుల మంది బ్రదుకుచున్నారు. పెక్కురకు కాలును దక్కుచున్నది.

మెత్తని కణజాలపు సార్కోమాలలో అవయవమును నిలిపి కిరణచికిత్స చేసినను ఆయుర్దాయము తగ్గదని అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో జరిగిన పరీక్ష 1982లో తెలిపినది. అంతటి సంస్థలోను అందు పాల్గొన్న రోగులు 43 మందియే. వ్యాధి యెంత అరుదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఒక ఆస్పత్రికే కాదు, ఒక దేశమునకును ఈ పరిశోధన అలవికానిది. ఆస్టియోసార్కోమా విషయమున యూరామోస్ అను పేర 17 దేశములవారు కూడి 2005 మొదలు 2011 వఱకు 2,260 మందిని నమోదు చేసిరి. మొదటి మందులకు సరిగా లొంగనివారికి మఱి రెండు మందులు చేర్చినచో లాభముండునా యనునది వారి ప్రశ్నలలో నొకటి. లేదనియు, బాధ మాత్రము హెచ్చుననియు 2016లో తేలినది. ఇది వైఫల్యమని కొందఱనవచ్చును. వేలాది బాలబాలికలకు వృథాయాతన తప్పించిన జ్ఞానము వైఫల్యమెట్లగును?

మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కులు కలవు. విదేశములలో వాడు అధికమోతాదు మెథోట్రెక్సేటు ఇచ్చుటకు, రక్తములో దాని పరిమాణమును మాటిమాటికి కొలువవలెను. ఆ వసతి అన్నిచోట్ల లేదు. అందుచే ముంబయి టాటా స్మారక వైద్యశాలవారు ఆ మందు లేకయే ఓజీఎస్-12 అను చికిత్సాక్రమమును రూపొందించి సత్ఫలితములు చూపిరి. తీసివేసిన మోకాటి ఎముక స్థానమున అమర్చు లోహపు కీలును స్వదేశమున చేయుటకు ఆ వైద్యశాల, బొంబాయి ఐఐటీ, హైదరాబాదులోని ఇనుమేతర లోహముల సాంకేతికాభివృద్ధి కేంద్రము కలిసి పనిచేసినవి. వైద్యుడును లోహశాస్త్రజ్ఞుడును ఒకే మోకాటిని గూర్చి చర్చించుట మనకు క్రొత్త దృశ్యమే.

2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సరు గ్రిడ్డు ద్వారా దూరపు ఆస్పత్రులలోని వైద్యులును కఠినమైన కేసులను నిపుణమండలితో చర్చింపగలుగుచున్నారు. షోలాపురమున నున్నను, బరంపురమున నున్నను, యానామున నున్నను మనవారు వైద్యుని అడుగవలసినది ఇదే: సూది వేయకముందు మండలి అభిప్రాయము తీసికొనిరా? ఇదివఱకే బయాప్సీ జరిగియున్నచో, వ్రాతరిపోర్టు ఒక్కటియే తీసికొని పోరాదు. గాజుపలకలను, పారఫిను దిమ్మెను, శస్త్రమునకు ముందు తీసిన ఎక్సురే, ఎమ్మారై చిత్రములను అడిగి తీసికొని పోవలెను. రెండవ పాథాలజిస్టు చూడవలసినది మొదటివారి మాటను కాదు, ఆ కణములను.