దేవుడు లేడనడం కూడా ఒక మతమేనా?

తనకల్లులో టీ అంగడి దగ్గర ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. “దేవుడున్నాడనేది మతమైతే, లేడనేది గూడా ఇంకో మతమే గదా సార్? రెండూ నమ్మకాలే గదా?” పక్కనున్నవాళ్లు నవ్వారు గానీ, నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. సగం జవాబు అక్కడే చెప్పాను. మిగతాది ఇక్కడ చెబుతాను.

ముందు మాట సంగతి. మతం అంటే మొదటి అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఆ అర్థమే ఇంకా బతికి ఉంది. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం రాస్తూ, అందులోని తాత్విక అభిప్రాయాల్లో తాను ఖండించే చార్వాకాన్నే, అంటే దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని వాదాన్నే, అన్నిటికంటే ముందు పెట్టాడు. ఆ లెక్కన ‘చార్వాక మతం’ అనడంలో తప్పు లేదు. నాస్తికుడికీ పాత అర్థం వేరు: వేదాన్ని ఒప్పుకోనివాడు, పరలోకం లేదన్నవాడు. అందుకే సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకులు ఆస్తికులయ్యారు, బౌద్ధులూ జైనులూ నాస్తికులయ్యారు.

ఇప్పుడు మతమంటే మన మనసులో మెదిలేది వేరు: పూజ, గ్రంథం, పండుగ, ప్రశ్నించకూడని ఒక మాట. ఆ రైతుకు బోరు సంగతి గుర్తు చేశాను. మన పక్క బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లుంటారు. టెంకాయ నిలబడినచోట నీళ్లున్నాయంటారు. “నేను నమ్మను, రుజువు చూపించు” అని నువ్వంటే కొత్త మతంలో చేరినట్టా? రుజువు చాలలేదన్నావు, అంతే. రేపు రుజువు దొరికితే మాట మార్చుకుంటావు.

“సరే, నమ్మనివాళ్లంతా ఒక సంఘం పెట్టుకుంటే?” అన్నాడాయన. ఇది గట్టి ప్రశ్న. దీనికి తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902-1975), నాస్తికత్వం కారణంగా కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడకు మారింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణం అని పేరు పెట్టాడు. పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయిస్తే, సేవాగ్రామ్ ఆశ్రమంలో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. అంతలో ఆయన హత్య జరిగింది. ఆ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది.

స్థాపకుడున్నాడు, కేంద్రముంది, పెళ్లిళ్లున్నాయి, మహాసభలున్నాయి. పైకి మతంలాగే కనబడుతుంది. తేడా ఎక్కడుందో నిప్పుల గుండం దగ్గర తెలుస్తుంది.

నార్పల మండలం గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి పేరు మీద హిందువులూ ముస్లింలూ కలిసి అగ్నిగుండం తొక్కుతారు. విజయవాడ నాస్తికులూ నిప్పుల మీద నడిచి చూపించారు. నిప్పు అదే, పాదమూ అదే. గూగూడులో నడిపించేది స్వామి మహిమ అంటారు. నాస్తిక కేంద్రంలో కారణం చెబుతారు: బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పైన బూడిద అడ్డముంటుంది, అడుగు సెకను కూడా ఆగదు. ఆగితే భక్తుడికైనా నాస్తికుడికైనా కాలుతుంది. ఆ మాటను ఎవరైనా పరీక్షించి కాదనొచ్చు. మతానికీ దీనికీ నా దృష్టిలో అసలు తేడా ఇదే.

అయితే నాస్తికత్వమూ మతంలోకి జారిపోయే ప్రమాదం ఉంది. విగ్రహారాధనను తిట్టిన వేమనకు కదిరి దగ్గర కటారుపల్లెలో పూజలు జరుగుతున్నాయి. “గోరా చెప్పాడు కాబట్టి నిజం” అని ఒక నాస్తికుడు అన్న రోజు అతడూ అదే దారిలో అడుగు పెట్టినట్టు.

చట్టం మాటేమిటి? మతానికి దేవుడు తప్పనిసరి కాదని, బౌద్ధ జైనాలను చూపించి మన సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే చెప్పింది. 2005లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి, ఒక ఖైదీ నాస్తికత్వాన్ని మతంగానే లెక్కించింది. మతస్థుడికి దొరికే రక్షణ అతడికీ దొరకాలని. మనకు ఆ చుట్టుదారి అక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతం కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛనే చెప్పింది. మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది.

2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని రాయించుకున్నవాళ్లు దేశమంతటికీ సుమారు 33 వేలు. వాళ్లను చేర్చింది ‘ఇతర మతాలు, విశ్వాసాలు’ పట్టికలో. కాబట్టి లెక్కలవాళ్లు మీ గడప దగ్గరికి వచ్చినప్పుడు మతం ఉంటే దాని పేరు చెప్పండి. లేకపోతే ‘మతం లేదు’ అనే రాయించండి. నాస్తికత్వాన్ని మతం పేరుగా మాత్రం రాయించకండి.