మూసినది మనమే, మరచినది మనమే

మా ఇంటిలో జరిగిన ఒక చిన్న సంగతిని మీ ముందుంచుచున్నాము. చిన్న సంగతియే గాని, ఆ మూడు దినములు మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

మాది అనకాపల్లి. మా చిన్నమ్మాయి డిగ్రీ ముగించి ఉద్యోగము కొరకు ప్రయత్నించుచున్నది. ఒక కంపెనీవారు ఆమెను పరీక్షకు పిలిచినారు. మా కాలములో పరీక్ష అంటే ముందురోజు రాత్రియే రైలెక్కి పట్టణము చేరవలెను. ఇప్పుడు ఇంటనే కూర్చుండి లాప్‌టాప్ మీద వ్రాయవచ్చును. అయితే వ్రాయునంతసేపు లాప్‌టాప్‌లోని కెమెరా పని చేయుచుండవలెను. అభ్యర్థి ముఖము కనబడనిదే ప్రశ్నపత్రము తెరుచుకొనదు.

పరీక్ష సోమవారము ఉదయము 10 గంటలకు. శుక్రవారము రాత్రి అమ్మాయి ఒకసారి సరిచూచుకొందామని కెమెరా తెరిచినది. ముఖము రాలేదు. కెమెరా దొరకలేదని ఇంగ్లీషులో ఒక మాట మాత్రము వచ్చినది.

"నువ్వే ఎక్కడో పడేసుంటావు. వస్తువు విలువ తెలియదు నీకు" అని మేము కేకలు వేసినాము.

"నేను పడేయలేదు నాన్నగారూ" అని రెండుసార్లు చెప్పినది. మూడవసారి చెప్పలేదు. అన్నము తినకుండ లోపలికి వెళ్లి పడుకొన్నది.

శనివారము లాప్‌టాప్ పట్టుకొని ఒక రిపేరు షాపుకు వెళ్లినాము. అక్కడి కుర్రవాడు కెమెరా తెరిచి చూచి, "కెమెరా పోయిందండీ. కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. మూడున్నర వేలు అవుతుంది" అన్నాడు. డబ్బు ఎలాగో సర్దవచ్చును. సోమవారమును ఎవరు ఆపగలరు?

ఆదివారము ఆరాధన నుండి వచ్చిన తరువాత, హైదరాబాదులో కంప్యూటరు పని చేయుచున్న మా మేనల్లునికి ఫోను చేసినాము. అతడు అంతా విని, "మావయ్యా, తలుపు తెరుచుకోకపోతే ముందు గొళ్లెం చూస్తాం గాని, తలుపు పగలగొట్టం కదా. వీధి గుమ్మం నుంచి లోపలికి ఒక్కో గొళ్లెమే చూసుకుంటూ వెళ్దాం" అన్నాడు. అతడు చెప్పిన వరుస మీకును పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటి గొళ్లెము కంటికి కనబడునది. కొన్ని లాప్‌టాప్‌లలో కెమెరా మీదనే గోరుతో జరుపు చిన్న మూత ఉండును. అది ప్రక్కకు జరిగియున్నదేమో చూడవలెను. ఎవరైనను స్టిక్కరు అంటించినారేమో, దుమ్ము పట్టినదేమో చూచి, మెత్తని పొడి గుడ్డతో తుడువవలెను.

రెండవది మీట. కొన్నింటిలో కెమెరాను ఆపుటకు కీబోర్డు పై వరుసలో కెమెరా బొమ్మ గల మీట ఉండును. మరికొన్నింటిలో ప్రక్క అంచున చిన్న స్విచ్చి ఉండును. పొరపాటున చేయి తగిలినను కెమెరా ఆగిపోవును.

మూడవది, మరియొక ప్రోగ్రాము. వీడియో కాల్ ప్రోగ్రాము ఒకటి వెనుక తెరిచియుండి కెమెరాను పట్టుకొనియుంటే, రెండవదానికి అది అందకపోవచ్చును. అన్నియు మూసి 'రీస్టార్ట్' చేయవలెను. 'షట్‌డౌన్' చాలదా అని అడిగినాము. త్వరగా తెరుచుకొనుటకై చాల లాప్‌టాప్‌లు షట్‌డౌన్‌లో పాత స్థితిని కొంత దాచుకొనునట, రీస్టార్ట్‌లోనే అంతయు క్రొత్తగా మొదలగునట.

నాలుగవది అనుమతి. విండోస్ 11లో 'సెట్టింగ్స్' తెరిచి, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో 'కెమెరా' అనుచోటికి వెళ్లవలెను. అక్కడ మొత్తము కెమెరాకు ఒక స్విచ్చి, ఆప్‌లకు ఒకటి, డెస్క్‌టాప్ ఆప్‌లకు మరొకటి ఉండును. మూడును ఆన్‌లో ఉండవలెను. బ్రౌజరులో పరీక్ష వ్రాయువారు ఆ వెబ్‌సైటుకు కూడ కెమెరా అనుమతి ఇచ్చినారో లేదో చూచుకొనవలెను.

ఈ నాలుగును చూచినాము. అన్నియు సరిగానే యున్నవి. అమ్మాయి ముఖము వాడిపోయినది.

అయిదవది 'డివైస్ మేనేజర్'. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కితే వచ్చు జాబితాలో ఈ పేరు ఉండును. దానిలో 'కెమెరాస్' అనుచోట చూడవలెను. పసుపుపచ్చ గుర్తు ఉంటే డ్రైవరులో, అనగా కెమెరాను నడిపించు ప్రోగ్రాములో, చిక్కు ఉన్నదన్నమాట. అప్పుడు ఆ పేరును 'అన్‌ఇన్‌స్టాల్' చేసి రీస్టార్ట్ చేస్తే, సాధారణముగా విండోస్ దానిని తిరిగి తానే అమర్చుకొనును.

మా దానిలో పసుపు గుర్తు లేదు. క్రిందికి చూచుచున్న ఒక చిన్న బాణము గుర్తు ఉన్నది. ఫోనులో ఆ మాట చెప్పగానే మేనల్లుడు నవ్వినాడు. "కెమెరా పాడవలేదు మావయ్యా. ఎవరో కావాలని ఆపేశారు. కుడి మీట నొక్కి 'ఎనేబుల్ డివైస్' అనండి."

అన్నాము. కెమెరా ప్రక్కన చిన్న దీపము వెలిగినది. తెర మీద అమ్మాయి ముఖము, ఆమె వెనుక నిలుచున్న మా ముఖమును కనబడినవి.

అప్పుడు జ్ఞాపకము వచ్చినది. గత చలికాలములో, దొంగలు మన కెమెరాలోనుండి మన ఇంటినే చూడగలరని ఎవరో చెప్పగా భయపడి, ప్రక్కింటి అబ్బాయిని పిలిచి ఆ కెమెరాను ఆపించినది మేమే. ఇంటిలో ఎవరికిని చెప్పలేదు. తరువాత మేమును మరచినాము.

ఆ భయము పూర్తిగా వట్టిది కాదు. ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ లాప్‌టాప్ కెమెరాకు టేపు అంటించియున్నట్లు 2016లో ఒక ఫొటోలో లోకమంతా చూచినది. అయితే కంటికి కనబడునట్లు మూయుట మేలు. చిన్న కాగితపు ముక్క చాలును. కావలసినప్పుడు తీయవచ్చును, మరచిపోయే వీలు లేదు. మందపాటి మూత మాత్రము పెట్టరాదు. అటువంటి మూతతో లాప్‌టాప్ మూస్తే తెర దెబ్బతినవచ్చునని ఆపిల్ కంపెనీవారు తమ లాప్‌టాప్‌ల విషయమై 2020లో హెచ్చరించినారు.

ఈ గొళ్లెములన్నియు తీసినను కెమెరా రాకపోతే, అప్పుడు వస్తువునే అనుమానింపవలెను. కెమెరా తెర పైఅంచున ఉండు చిన్న పలక. దానినుండి సన్నని తీగ మడతబందు గుండా క్రిందికి దిగును. మూత తీయుచు మూయుచు ఉండగా ఏండ్లు గడిచేకొలది ఆ తీగ నలిగిపోవచ్చును. మూత కదిపినప్పుడు బొమ్మ వచ్చుచు పోవుచుంటే తీగను అనుమానింపవలెను. అది ఇంటిలో ఊడదీయు పని కాదు, తెర పగులును. పని తెలిసినవాని యొద్దకే తీసికొనిపోవలెను. తొందర ఉన్నయెడల యు.ఎస్.బి. తీగతో తగిలించు కెమెరా విడిగా దొరుకును. దానిని తెర పైన తగిలించుకొంటే చాలును.

మాకు ఆ అవసరము రాలేదు. మూడున్నర వేలు మిగిలినవి. సోమవారము ఉదయము అమ్మాయి పరీక్ష వ్రాసినది. ఫలితము ఇంకను రాలేదు.

అయితే తీర్చవలసిన బాకీ ఒకటి మిగిలినది. ఆదివారము రాత్రి భోజనములయొద్ద, అందరి యెదుట, "తప్పు మాదమ్మా. నిన్ను అనవసరంగా అన్నాము" అని చెప్పినాము. పిల్లల యెదుట తండ్రి అట్లు చెప్పుట మా పెద్దల కాలములో వాడుక కాదు. మా నోటికి కూడ ఆ మాట సులువుగా రాలేదు. అమ్మాయి తల వంచుకొని కొంతసేపు ఊరకున్నది. తరువాత, "ఇంకొంచెం పప్పు వేసుకోండి నాన్నగారూ" అన్నది.

ఇంటిలో ఏ వస్తువైనను ఆగిపోయినప్పుడు, ఎవరు పాడుచేసినారని అడుగుటకు ముందు, దీనిని మేమేమి చేసినాము అని ఒకసారి జ్ఞాపకము చేసికొందము. ఇప్పుడు మా గోడ క్యాలెండరు వెనుక ఒక కాగితము అంటించినాము. లాప్‌టాప్‌లో ఎవరు ఏమి మార్చినను తేదీ వేసి అక్కడ వ్రాయవలెను. మొదటి వరుస మా చేతివ్రాతయే.