ఒకే లోకం, ఎన్నో నకళ్లు

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఓ ఆట రాయడం మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ దాన్ని అందుకుని పెంచాడు. పేరు మడ్. బొమ్మల్లేవు, తెరనిండా అక్షరాలే. అయినా వేర్వేరు టెర్మినళ్ల ముందు కూర్చున్నవాళ్లు అందులో ఒకే గదిలో ఎదురుపడేవారు. ఒకరు నిధి ఎత్తుకుపోతే ఇంకొకరికి అది దక్కేది కాదు. లోకం ఒక్కటే, అది అందరిదీ. ఆ తర్వాత వచ్చిన ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటలన్నీ ఈ నియమంతో పెనుగులాడినవే.

పాత తరం తీరు తెలియాలంటే 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ చూడాలి. అందులో చచ్చిపోతే కవచం, కత్తి, సంచీ అన్నీ శవం దగ్గరే ఉండిపోయేవి. ఆటగాడు ఎక్కడో దూరాన ఉత్తచేతులతో లేచి, తనను చంపిన మృగాల మధ్య నుంచే మళ్లీ అక్కడికి వెళ్లాలి. ఒంటరిగా అయ్యే పని కాదు, తోడు కావాలి. మంత్రాలు వేసేవాళ్లయితే ఖర్చయిన శక్తి తిరిగొచ్చేదాకా కూర్చుని మంత్రాల పుస్తకం తెరుచుకోవాలి. తొలి లెవెళ్లలో ఆ పుస్తకం ఎదుటి దృశ్యాన్ని పూర్తిగా కప్పేసేది. కనబడేది చాట్ పెట్టె ఒక్కటే. ఇక కబుర్లు కాక ఏం చేస్తారు? స్నేహాలు అక్కడే పుట్టాయి.

రాక్షసుల గుంపును వెంటేసుకుని ఎవరైనా పరుగెత్తుకొస్తే మిగతావాళ్లు ‘ట్రైన్’ అని కేకలు పెట్టేవారు. పదేపదే అలా జనం మీదికి తోలేవాడి పేరు సర్వరంతా పాకేది. ఆపైన వాణ్ని జట్టులో చేర్చుకోవడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. నిర్వాహకులు పెట్టే ఏ నిబంధన కన్నా ఆ చెడ్డపేరే గట్టి కాపలా అని నేను నమ్ముతాను.

ఉమ్మడి లోకంలో కష్టాలూ తక్కువేం కాదు. డ్రాగన్ ఒక్కటే, వేటగాళ్లు వందమంది. గంటల తరబడి కాపు కాయాలి, గిల్డులనే ఆటగాళ్ల సంఘాల మధ్య తగాదాలు. 2001లో అనార్కీ ఆన్‌లైన్ వాడిన ఒక ఉపాయాన్ని 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పెద్దఎత్తున అమలు చేసింది. జట్టు గుహలో అడుగుపెట్టగానే సర్వర్ ఆ జట్టు కోసమే గుహకు ఇంకో నకలు తయారుచేస్తుంది. పక్క జట్టుకు దాని నకలు దానిది. చచ్చినా సామాను పోదు. 2010 నాటికి చందాదారులు 1.2 కోట్లు దాటారు.

నకలుకూ ఉమ్మడి లోకానికీ మధ్య గోడ ఒకసారి కారింది. 2005 సెప్టెంబరులో వార్‌క్రాఫ్ట్‌లోనే హక్కర్ అనే రాక్షసుడు అంటించే రోగం గుహలోనే ఆగిపోవాల్సింది. పెంపుడు జంతువుల ద్వారా బయటపడి నగరాలకు నగరాల్నే చుట్టేసింది. కొందరు పారిపోయారు, కొందరు రోగులకు వైద్యం చేశారు, కొందరు కావాలనే అంటించారు. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో దీనిపై వ్యాసం రాశారు. జనం ఒకేచోట కలిసి తిరిగారు గనకే మనుషుల నడవడి అంతా బయటపడింది.

2009 డిసెంబరులో వార్‌క్రాఫ్ట్‌లోకి డంజన్ ఫైండర్ అనే సదుపాయం వచ్చింది. బటన్ నొక్కితే దెబ్బలు కాసేవాడొకడు, వైద్యుడొకడు, కొట్టేవాళ్లు ముగ్గురు, వేర్వేరు సర్వర్ల నుంచి జట్టుగా కుదిరి నేరుగా గుహలో తేలతారు. ఉద్యోగం నుంచి అలసి వచ్చి అరగంట ఆడుకునేవారికి అది వరమే. కానీ ఆ నలుగురూ మళ్లీ తారసపడరు. మర్యాదగా ఉన్నా, మోసం చేసినా పేరు వెంట రాదు. ఈ నష్టం చిన్నదని నేను ఒప్పుకోలేను. 2019లో ఆ బటన్ లేని పాత ఆటను క్లాసిక్ పేరుతో మళ్లీ తెస్తే జనం విరగబడ్డారు. ఆ తాకిడి తట్టుకోలేక అక్కడా లోకాన్ని పొరలుగా చీల్చాల్సి వచ్చింది.

ఐస్‌లాండ్ వాళ్ల ఈవ్ ఆన్‌లైన్ వేరే దారి పట్టింది. చైనాను మినహాయిస్తే ప్రపంచమంతటికీ ఒకటే అంతరిక్షం. వేలమంది ఒకేచోట యుద్ధానికి దిగి సర్వర్ ఉక్కిరిబిక్కిరైతే అది చోటును చీల్చదు, కాలాన్ని సాగదీస్తుంది. ఆటలోని గడియారం మామూలు వేగంలో 10 శాతం దాకా తగ్గుతుంది. 2014 జనవరిలో జరిగిన మహాయుద్ధం అలా నత్తనడకన దాదాపు 21 గంటలు సాగింది. ఎవరి ఓడ ఎవరి చేతిలో కూలిందో ఆ వేలమందీ ఒకేచోట చూశారు.