వ్యాయామం నేర్పేవారి చూపు చివరి వరుసపై ఉండాలి

ఉదయపు ఇంటిపనులు ఒక కొలిక్కి వచ్చాక, మా పట్టణంలోని ఒక గదిలో మేము కొందరు సోదరీమణులం కలిసి స్త్రీల కోసం వ్యాయామ తరగతి నడుపుతున్నాము. తొలి నెలలో జరిగిన ఒక సంఘటన మా కళ్ళు తెరిపించింది.

ఆ రోజు నేలపై పడుకొని చేసే వ్యాయామాలు ముగిశాయి. అందరూ లేచి నిలబడ్డారు. చివరి వరుసలోని ఒక పెద్దావిడ మాత్రం లేవలేకపోయారు. ఇద్దరు చెరోపక్కా పట్టుకొని లేవదీశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాటి నుంచి ఆమె రాలేదు. బద్ధకం కాబోలని మేము అనుకున్నాము. వారం తర్వాత ఇంటికి వెళ్ళి పలకరించాము. "అందరి ముందూ నా చేతకానితనం బయటపడిపోయిందమ్మా! మళ్ళీ ఏ ముఖం పెట్టుకొని రమ్మంటారు?" అన్నారామె.

లోపం ఆమెది కాదు, మాది. మేము చక్కగా చేసి చూపించాము, అంతే. నేర్పలేదు. మన బడుల్లో గుంజీలు, గోడకుర్చీ అన్నవి ఒకప్పుడు శిక్షలు. ఆ జ్ఞాపకంతోనే చాలామంది వ్యాయామం దగ్గరికి వస్తారు. శిక్షణ వారికి మరో శిక్షగా మారకుండా చూడడమే నేర్పేవారి మొదటి బాధ్యత.

తరగతికి ముందు

నేర్పేవారు పావుగంట ముందే చేరుకోవాలి. కొత్తగా వచ్చినవారిని గుమ్మం దగ్గరే పలకరించి మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి, రక్తపోటు, మధుమేహం, గర్భం, ఇటీవలి శస్త్రచికిత్స వంటివి ఉన్నాయేమో ఏకాంతంగా అడిగి తెలుసుకోవాలి. నలుగురిలో అడిగితే నిజం చెప్పరు. గుండె జబ్బు వంటివి ఉన్నవారిని ముందుగా వైద్యుని సలహా తీసుకోమనాలి. కొత్తవారు సాధారణంగా చివరి వరుసలో దాక్కుంటారు. వారిని రెండో వరుసలో నిలబెడితే ముందున్నవారిని చూసి నేర్చుకోగలుగుతారు, మన కంటికీ ఆనుతారు.

చూపించే పద్ధతి

తరగతికి ఎదురుగా నిలబడినప్పుడు మన కుడి వారికి ఎడమ అవుతుంది. కనుక అద్దంలో ప్రతిబింబంలా చేయాలి. "మీ కుడి చేయి ఎత్తండి" అంటూ మనం ఎడమ చేయి ఎత్తాలి. ఇది ఇంటి దగ్గర సాధన చేస్తేనే అలవడుతుంది. తికమకగా ఉంటే కుడి ఎడమలు వదిలేసి "కిటికీ వైపు", "గుమ్మం వైపు" అనడం మేలు.

వదులైన పొడవాటి దుస్తుల్లో మోకాలు ఎంత వంగిందో కనిపించదు. అందువల్ల పక్కకు తిరిగి చేసి చూపాలి, ఏ భాగం కదులుతున్నదో అక్కడ చేయి ఉంచి చెప్పాలి. నేర్చుకునేవారిని గమనించేటప్పుడు పాదాలను, భుజాలను, ముఖాన్ని చూడాలి. మడమ లేస్తున్నదా, భుజాలు చెవుల దాకా వచ్చాయా, ఊపిరి బిగబట్టారా అన్నవి ఎలాంటి దుస్తుల్లోనైనా తెలుస్తాయి. ఊపిరి బిగబట్టేవారిని మందలించనక్కరలేదు. అందరిచేతా పైకి లెక్క పెట్టించితే చాలు, ఊపిరి దానంతటదే ఆడుతుంది.

చెప్పే పద్ధతి

మా తరగతిలో సంగీతం ఉండదు. లెక్కే మాకు లయ. ఎనిమిదేసి లెక్కలు నాలుగు సార్లు, అంటే 32 లెక్కలకు ఒక కదలిక. తర్వాతి కదలిక పేరు చివరి నాలుగు లెక్కల్లోనే చెప్పేయాలి. కదలిక మొదలయ్యాక చెబితే సగం మంది ముందూ సగం మంది వెనుకా అవుతారు.

ఒక్కసారికి ఒక్క మాటే చెప్పాలి. "వీపు నిటారుగా, మోకాళ్ళు వంచి, పొట్ట బిగించి" అని గుక్కతిప్పుకోకుండా చెబితే ఏదీ మిగలదు. పైగా శరీర భాగాల పేర్లకన్నా పోలికలు బాగా పనిచేస్తాయి. గేబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ పాదాలపై దృష్టి నిలిపినవారికన్నా, పాదాల కింద కదిలే పరికరంపై దృష్టి నిలిపినవారు మెరుగ్గా నేర్చుకున్నారు. అందుకే "మోకాళ్ళు వంచండి" అనడానికి బదులు "వెనుక ఉన్న కుర్చీలో కూర్చోబోతున్నట్లు వంగండి" అంటాము. "చేతులు పైకి చాచండి" అనకుండా "అటక మీది డబ్బా అందుకోండి" అంటాము. అరవై ఏళ్ళవారికీ, పదహారేళ్ళవారికీ ఒకేసారి అర్థమవుతుంది.

సులభమైనదే ముందు

మేము చేసిన అతి పెద్ద తప్పు ఇక్కడే. కష్టమైన రూపం చూపించి, "చేతకానివారు ఇలా చేయండి" అని తేలికదాన్ని చివర చూపేవారం. ఇప్పుడు వరుస మార్చాము. ముందు అందరం కుర్చీలో కూర్చొని లేస్తాము. తర్వాత, ఇష్టమైనవారు చేతులు ఆనించకుండా లేస్తారు. ఇంకా ఓపిక ఉన్నవారు లీటరు నీళ్ళ సీసాను గుండెకు హత్తుకొని లేస్తారు. నేర్పేవారు కూడా మొదటి రూపమే చేస్తూ ఉంటే దానిలో చిన్నతనం ఉండదు.

తప్పు దిద్దేటప్పుడు పేరు పెట్టి పిలవరాదు. ముందు అందరికీ కలిపి చెప్పాలి. అప్పటికీ సరికాకపోతే దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాలి. అనుమతి అడగకుండా ఎవరినీ తాకరాదు.

ఎంత శ్రమ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. 65 ఏళ్ళు దాటినవారికి కనీసం మూడు రోజులు శరీరం తూలకుండా నిలిపే సాధన కూడా ఉండాలి. శ్రమను కొలవడానికి పరికరాలు అక్కరలేదు. మాట్లాడగలిగి, పాడలేకపోతే అది ఓ మోస్తరు శ్రమ. నాలుగు మాటలకే ఆయాసం వస్తే అది తీవ్రమైనది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, అసాధారణమైన ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపించి వైద్య సహాయం అందేలా చూడాలి.

మొదటి ఐదు నుంచి పది నిమిషాలు ఒంటిని మెల్లగా వేడెక్కించడానికి, చివరి ఐదు నిమిషాలు నెమ్మదించడానికి కేటాయించాలి. ఆలస్యమైందని ఈ రెండింటినీ కోసివేయడం మంచిది కాదు.

తిరిగి వచ్చిన రోజు

ఆ పెద్దావిడను మళ్ళీ పిలుచుకురావడానికి మూడు సార్లు వెళ్ళవలసి వచ్చింది. మనవలతో కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర నేలపై కూర్చోవడం మానేసి రెండేళ్ళయిందని ఆమె అప్పుడే చెప్పారు. ఆమెకు అన్నిటికన్నా ముందు నేర్పవలసినది నేల మీదినుంచి లేవడమే అని మాకు అప్పుడు అర్థమైంది. పక్కకు ఒత్తిగిలి, చేతులూ మోకాళ్ళపైకి వచ్చి, ఎదురుగా ఉన్న కుర్చీని పట్టుకొని, ఒక పాదం ముందుకు వేసి లేవాలి. దీన్ని ఆమె ఒక్కరికే కాదు, అందరికీ నేర్పాము. నవ్విన అమ్మాయి కూడా చేసింది.

కొన్ని నెలలకు ఆమె ఒక చేయి కుర్చీపై ఆనించి తనంతట తాను లేచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మేమే వద్దన్నాము. ఆమె దుపట్టా సర్దుకొని తన స్థానంలో నిలబడ్డారు. మేము తర్వాతి లెక్క మొదలుపెట్టాము.

మీ వీధిలో ఇలాంటి తరగతి నడుపుతున్న సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఎంతమంది వచ్చారో లెక్కించే ముందు, ఎవరు రావడం మానేశారో లెక్కించండి. వారి ఇంటి తలుపు తట్టండి. మన బోధనలోని లోపం ఏమిటో అక్కడే తెలుస్తుంది.