పల్లె బస్సు పుట్టుపూర్వోత్తరములు



బస్సు వచ్చినచో నెక్కుదుము, రానిచో విసుగుకొందుము. ఆ బస్సు ఎవరిదో, దాని కెవరు డబ్బు చెల్లించుచున్నారో మనలో ననేకు లెఱుగరు. ఇంటిపనుల నడుమ ఈ విచారణ మన కేల యని తోచవచ్చును. కాని మన బిడ్డల చదువును, ఆసుపత్రి ప్రయాణమును, సంతబేరమును ఆ బస్సుమీదనే ఆధారపడి యున్నవి. కావున ఏలూరు, తాడేపల్లిగూడెము చుట్టుపట్లను, కొల్లేటి ప్రాంతమునను దిరుగు పల్లె బస్సుల కథ నించుక చెప్పెదము.

గోదావరి ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట కాలువలే డెల్టా ప్రాంతమునకు రాజమార్గములాయెను. ధాన్యపు బస్తాలతోపాటు మనుష్యులును పడవలలోనే పోయెడివారు. కొల్లేటి లంకలవారికి దోనెయే బండి. ఆ శతాబ్ది చివర రైలు వచ్చినను, అది స్టేషను గల ఊళ్లకే మేలు చేసెను గాని, లోపలి పల్లెలకు నడకయు, ఎడ్లబండియు తప్పలేదు.

ఆ కొఱతను తీర్చినవి చిన్న మోటారు బస్సులు. వానిని నడపినవారు ప్రైవేటు యజమానులు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిట్టు పొంది, తమ దారిలో తిప్పుకొనెడివారు. రెండవ ప్రపంచ యుద్ధమున పెట్రోలు కఱవైనప్పుడు బొగ్గు గ్యాసుతోగూడ బస్సులు నడచినవి. టిక్కెట్ల డబ్బే యజమాని రాబడి. కావున జనము నిండిన దారి ముద్దు. జనము లేని దారి బరువు.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. కృష్ణా జిల్లా బస్సులను ఈ సంస్థ స్వాధీనము చేసికొనబోగా, యజమానులు సుప్రీంకోర్టు కెక్కిరి. కొల్లేటి యొడ్డున నున్న కైకలూరు నాడు ఆ జిల్లాలోనిదే. 2022లో ఏలూరు జిల్లాలో జేరినది. యజమానుల ఆక్షేపణలను విన్నవారు కార్యదర్శి, తీర్పు చెప్పినవారు ముఖ్యమంత్రి. వినినవారొకరు, నిర్ణయించువారొకరు అగుట న్యాయము కాదని కోర్టు ఆ యుత్తరువును 1958 నవంబరులో కొట్టివేసెను. పిదప ముఖ్యమంత్రియే స్వయముగా ఆక్షేపణలను విని నిర్ణయించెను. ఇంట తగవు తీర్చు పెద్దలకును ఈ నీతి పనికివచ్చును గదా!

తరువాత మూడవ పద్ధతి వచ్చినది. అదియే అద్దె బస్సు. బస్సు ప్రైవేటు యజమానిది. డ్రైవరును అతడే నియమించును. దారి, వేళ, ఛార్జీ సంస్థవి. టెండరులో కుదిరిన వెల ననుసరించి, తిరిగిన కిలోమీటర్లకు సంస్థ యజమానికి డబ్బు చెల్లించును. హైదరాబాదు, సికిందరాబాదు జంట నగరములలో 1978లో స్థాపింపబడిన సెట్విన్ సంస్థ ద్వారా నిరుద్యోగ యువకులు చిన్న బస్సులను నడపుట అనేకులకు జ్ఞాపకముండును. లండను నగరమునగూడ 1985 మొదలు బస్సు దారులను టెండరు పిలిచి కంట్రాక్టున కిచ్చుచున్నారు.

ఈ పద్ధతి గుణదోషములను మనము తెలిసికొనవలెను. యజమానికి జీతము కిలోమీటరుమీద గాని ప్రయాణికులమీద గాదు. కావున నలుగురే యెక్కినను బస్సు వేళకు కదలును. నష్టమును సంస్థ భరించును. జనము తక్కువైన పల్లెదారికి ఇది వరము. కాని అదే కారణమున, చేయెత్తిన ముసలమ్మకొఱకు ఆగినను ఆగకున్నను యజమాని రాబడి మారదు. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేటి రోడ్డు మునిగిన దినములలో బస్సు తిరుగదు. తిరుగని కిలోమీటరు లెక్కకు రాదు. అప్పుడు బాధ యజమానికిని, ప్రయాణికునికిని సమానమే.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున 'స్త్రీ శక్తి' పథకము మొదలైనది. పల్లెవెలుగు మొదలగు బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు ప్రయాణము ఉచితము. గుర్తింపు పత్రము చూపినచో సున్నా వెల టిక్కెట్టు ఇత్తురు. ఈ వరము ఆటోలో లేదు. పల్లె బస్సు ఆగిపోయిన యూరి ఆడుబిడ్డకు అది కాగితముమీది వరమే. జనము పెరిగినకొలది బస్సుమీద బరువు పెరుగును. కిలోమీటరు వెల మాత్రము పెరుగనిచో యజమాని వెనుకాడును. ఇక్కడనే మన జాగ్రత్త కావలెను.

ఉచితమే గదా యని టిక్కెట్టు తీసికొనకుండుట పొరపాటు. ఆ చీటియే మనము ప్రయాణము చేసితిమను సాక్ష్యము. ప్రభుత్వము సంస్థకు చెల్లించు లెక్కకును, ఈ దారిలో ఇందఱు ఎక్కుచున్నారని చూపుటకును అదియే ఆధారము. ఏలూరు సెయింటు థెరెసా మహిళా కళాశాల 1953 నుండియు మన బాలికలకు చదువు చెప్పుచున్నది. సాయంకాలపు బస్సు రద్దైనచో పల్లెబాలికకు ఆ కళాశాల తలుపు సగము మూసికొనినట్లే. కావున ట్రిప్పు తగ్గినప్పుడు ఒకరు గొణుగుకొనుటకంటె పదిమంది స్త్రీలు చేరి, ఏ దినమున ఏ వేళ బస్సు రాలేదో వ్రాసి, డిపో మేనేజరునకు అర్జీ యిచ్చుట మేలు.

దోనెనాటి మన యవ్వలు ప్రయాణమునకై గాలివాటమును చూచిరి. మనము చూడవలసినది టిక్కెట్టు చీటి. దానిని పదిలపఱచుకొందముగాక!